సిరామిక్ కోటింగా, పీపీఎఫ్‌ఆ? బెంగళూరు కారుకి ఏది నప్పుతుంది

మారతహళ్లి వైపు మనవాళ్లు ఎవరు కొత్త కారు తీసుకున్నా, పెయింట్ కాపాడుకోవడానికి సిరామిక్ కోటింగ్ వేయించాలా, పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, అంటే పెయింట్ మీద అతికించే పారదర్శక ఫిల్మ్) వేయించాలా అన్న టెన్షన్ తప్పదు.

ఖర్చు: సిరామిక్ వేలల్లో తేలిపోతుంది. కారంతా పీపీఎఫ్ వేయిస్తే లక్ష దాకా, పెద్ద బండికి ఇంకా పైకే.

రక్షణ: అసలు తేడా ఇక్కడే. సిరామిక్ అనేది సిలికా ఉన్న ద్రవం. క్లియర్ కోట్ (పెయింట్ పైనుండే పారదర్శక పొర) మీద గట్టిపడి పల్చటి పొరవుతుంది. నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, దుమ్ము తేలిగ్గా వదులుతుంది. కానీ హోసూరు రోడ్డు మీద లారీ చక్రం కింద నుంచి ఎగిరే కంకరరాయిని అది ఆపలేదు. పీపీఎఫ్ సుమారు 150–200 మైక్రాన్ల పాలీయురేథేన్ ఫిల్మ్. దెబ్బ తన మీద వేసుకుంటుంది. మంచి రకమైతే సన్నగీతలు ఎండ వేడికి వాటంతటవే మాసిపోతాయి.

శ్రమ: రెండింటికీ ఉంది. బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే సిరామిక్ మీదా తెల్లమచ్చలు పడతాయి. వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. పక్షిరెట్టను కూడా ఎండనివ్వకూడదు.

రిస్క్: పాలిష్ చేయకుండా సిరామిక్ వేస్తే పాత గీతలు కిందే ఉండిపోతాయి. పీపీఎఫ్ సరిగా అతకకపోతే అంచులు లేస్తాయి.

ఊళ్లోనే తిరుగుతూ, నీడలో పార్కింగ్ ఉంటే సిరామిక్ చాలు. తరచూ హైవే మీద అనంతపురమో చిత్తూరో వెళ్లేవాళ్లు బానెట్‌కి, ముందు బంపర్‌కి పీపీఎఫ్ వేయించి, మిగతా బాడీకి సిరామిక్ చేయించడం నా లెక్కలో సరైన పని.