రంగులరాట్నం వద్దు గానీ, మంచినీళ్ల ఏర్పాటు కావాలి

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో శాంతా క్లాజ్ అనే ఊరు ఉంది. ముద్దుపేరు కాదు, పోస్టాఫీసు ముద్రలోనూ అదే పేరు. మా అమ్మాయి కుటుంబం ఉండే లూయీవిల్ నుంచి కారులో గంటంపావు ప్రయాణం. మధ్యలో టైమ్ జోన్ మారుతుంది కాబట్టి తొమ్మిదికి బయలుదేరితే అక్కడి గడియారం ప్రకారం తొమ్మిదింపావుకే దిగుతాం. ఆ ఊళ్లో హాలిడే వరల్డ్ అని ఒక కుటుంబ వినోద పార్కు ఉంది. వేసవిలో మనవలతో కలిసి అది చూశాం. డిసెంబరులో వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు రాజమండ్రి నుంచి నరసాపురం, అక్కడి నుంచి రేవు దాటి కోనసీమ, ఇలా డెల్టా అంతా తిరిగాం. దారిలో ఆదివారాలు పడ్డాయి కాబట్టి మందిరాలకూ, అంటే చర్చిలకూ వెళ్లాం. పాలకొల్లు దగ్గర మా చర్చి సంఘంలో చాలాకాలంగా కానుకల లెక్కలు రాస్తున్నవాణ్ని. అందుకే ఎక్కడికి వెళ్లినా ముందు గుమ్మం దగ్గర ఏం జరుగుతోందో చూస్తాను.

ముందు పార్కు సంగతి. 1946లో లూయిస్ కోక్ అనే పారిశ్రామికవేత్త దాన్ని మొదలుపెట్టారు. ఆయనకు తొమ్మిదిమంది పిల్లలు. ఊరి పేరు చూసి ఆశగా వచ్చే పిల్లలకు అక్కడ క్రిస్మస్ తాత కనిపించకపోవడం ఆయనకు బాధ కలిగించిందట. మొదట్లో ప్రవేశం ఉచితం. శాంతా క్లాజ్ ల్యాండ్ అన్న పేరు 1984లో హాలిడే వరల్డ్‌గా మారింది. క్రిస్మస్‌తో పాటు హాలోవీన్, అమెరికా స్వాతంత్ర్య దినం, థ్యాంక్స్ గివింగ్ పండుగల పేర్లతో పార్కును భాగాలు చేశారు. 2006లో కట్టిన కర్ర రోలర్ కోస్టర్ ఒకటి మైలుకు పైగా పొడవు ఉంటుంది. అల్లుడు ఎక్కి వచ్చి కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను కిందే ఉండిపోయాను, కాబట్టి కింద జరిగేవన్నీ తీరిగ్గా చూశాను.

అక్కడ కారు నిలపడానికి డబ్బు తీసుకోరు. ఎండకు చర్మం కమలకుండా రాసుకునే క్రీము ఉచితం. 2000 నుంచి కూల్‌డ్రింకులు కూడా ఎన్ని తాగితే అన్ని ఉచితం. ప్రవేశ రుసుములో ఆ ఖర్చు కలిసే ఉంటుందని లెక్కలు రాసేవాడిగా నాకు తెలుసు. టికెట్టేమీ చవక కాదు. అయినా ఒకసారి లోపలికి వెళ్లాక, దాహమన్న పిల్లవాణ్ని కసురుకునే తల్లి నాకు అక్కడ కనిపించలేదు. మనవడు గ్లాసు ఒలకబోసుకుంటే మా అమ్మాయి నవ్వి ఇంకొకటి నింపింది. అదే కొనుక్కున్న గ్లాసయితే వీపు మీద ఒకటి పడేది.

మరుగుదొడ్ల దారి ఎవరినీ అడిగే పని పడలేదు, బోర్డులున్నాయి. నేల మీద కాగితం ముక్క కనిపిస్తే ఊడ్చే మనిషి వచ్చేదాకా ఎవరూ ఆగలేదు, దారిన పోయే ఉద్యోగి వంగి తీసేశాడు. నాకు బాగా నచ్చింది మాత్రం ఒక సవారీ దగ్గర ఎత్తు కొలిచే అమ్మాయి. హైస్కూలు వయసు ఉంటుంది. మా వాడు కొలకర్ర గీతకు ఒక అంగుళం తక్కువ. ఆ అమ్మాయి "కుదరదు" అని పక్కకు నెట్టలేదు. మోకాలి మీద కూర్చుని, వాడి ముఖానికి ముఖం ఎదురుగా పెట్టి, మ్యాపులో వాడు ఎక్కగలిగిన సవారీలకు పెన్నుతో సున్నాలు చుట్టి ఇచ్చింది. వాడు ఏడుపు మానేసి ఆ కాగితం పట్టుకుని మా ముందు నడిచాడు.

ఇక మన వైపు ప్రయాణం. కారు అల్లుడి చిన్ననాటి స్నేహితుడిది. తణుకు అతను, హిందువు, అంతకుముందు చర్చి మెట్లు ఎక్కి ఎరగడు. తోడు వస్తానని తనే అన్నాడు. ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట, లాకులు, ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియం పిల్లలకు చూపించాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ మొదటి ఆనకట్ట వల్లే మనం ఇవాళ డెల్టా అని పిలుచుకునే పచ్చదనం ఉంది. మ్యూజియం చిన్నదే గానీ పిల్లలతో ఓ గంట బాగానే గడుస్తుంది. టోపీ, నీళ్లు మరచిపోకండి. ఆత్రేయపురం పూతరేకుల కోసం కాస్త దారి మళ్లినా నష్టం లేదు.

నరసాపురంలో బస ఒక లాడ్జిలో. పేరు రాయను. దిగగానే అందరి ఆధార్ కార్డులూ అడిగారు, ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. వేడినీళ్లు ఉదయం ఏడు దాటితే రావన్న సంగతి ఏడున్నరకు చెప్పారు. ఊరు మాత్రం తిరగదగ్గది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నడిపిన గోదావరి డెల్టా మిషన్‌కు నరసాపురం, పాలకొల్లు ప్రాంతమే నెలవు. ఇక్కడి లేసు అల్లిక కూడా 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చినదే, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందింది. ఆ కాలపువాళ్లు ప్రసంగంతో ఆగకుండా ఆడవాళ్ల చేతికి కొక్కెంసూదీ దారమూ ఇచ్చారు. మనుషుల అవసరం ఏమిటో ముందు చూశారన్నమాట.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద, అంటే బండ్లనూ మనుషులనూ ఎక్కించుకునే పడవ మీద గోదావరి దాటాం. కార్లు, మోటారు సైకిళ్లు, మనుషులు, అరటి గెలలు అన్నీ దాని మీదే. చొక్కా గుండీలు కూడా లేని ఒక కుర్రాడు, ఏ బండి ఎక్కడ నిలపాలో, ముసలివాళ్లు ఎక్కడ కూర్చోవాలో, పిల్లలు ఏ వైపు వెళ్లకూడదో చేతి సైగలతో చెప్పేశాడు. కేక వేయలేదు. మా మనవరాలు అంచుకు వెళ్తే మాట మధ్యలో ఆపి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఈ ప్రయాణంలో నేను చూసిన సేవల్లో దీనికే పెద్ద పీట వేస్తాను. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా రావాలి. వంతెన దిగగానే దిండి. అక్కడ గోదావరి పాయ అయిన వశిష్ఠ ఒడ్డున రాష్ట్ర పర్యాటక సంస్థ రిసార్టు ఉంది. మాకు కొబ్బరిచెట్ల నీడ, నదిగాలి, ప్రశాంతత అన్నీ దొరికాయి. సంక్రాంతికి వెళ్లాలనుకుంటే మాత్రం గది ముందుగానే చెప్పి పెట్టుకోవాలి.

మొదటి ఆదివారం రహదారి పక్కన ఒక పెద్ద మందిరానికి వెళ్లాం. వేదిక మీద ఎల్‌ఈడీ తెర, రంగుదీపాలు, పాట మొదలవగానే పొగ. మనవడు చప్పట్లు కొట్టాడు. పార్కును చూసి మనవాళ్లు నేర్చుకున్నది ఇదొక్కటే అనిపించింది. పాట మధ్యలో మనవరాలికి అవసరం పడింది. మరుగుదొడ్డికి తాళం. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకొట్టు దగ్గర. అమ్మాయి పాపను ఎత్తుకుని రహదారి దాటి పెట్రోలు బంకుకు పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి ప్రసంగం మొదలైంది.

ఈలోగా లోపల ఇంకో ముచ్చట జరిగింది. "కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి" అని మైకులో పిలుపు. మా తణుకు అబ్బాయి కదల్లేదు. పక్కాయన మోచేత్తో పొడిచాడు. వందలమంది తిరిగి చూస్తుండగా పాపం లేచి నిలబడ్డాడు. చప్పట్లు కొట్టారు, చేతిలో ఒక కవరు పెట్టారు. ఏదో ఆహ్వానమనుకుని విప్పాడు. కానుక కవరు. ముఖం చూడాలి అతనిది. పాటల పుస్తకం గానీ, గ్లాసెడు నీళ్లు గానీ ఎవరూ ఇవ్వలేదు.

ముందువరసలో తెల్లటి సోఫాలు వేశారు. ఆలస్యంగా వచ్చిన ఒక స్థానిక నాయకుడి కోసం పక్కన చాప మీద కూర్చున్న ముసలమ్మలను వెనక్కి జరగమన్నారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ని మంచి చోట కూర్చోబెట్టి, పేదవాణ్ని కాళ్ల దగ్గర కూర్చోమంటే మీరు పక్షపాతులే అని బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం మొహమాటం లేకుండా చెబుతుంది. ఆ అధ్యాయాన్ని ఆ మందిరంలోనూ చదివే ఉంటారు, సోఫాలు రాకముందు.

తరువాతి ఆదివారం రాజోలు దాటాక కాలవగట్టు మీద ఒక చిన్న మందిరం. రేకుల కప్పు, నీలం సున్నం, ఇరవై ముప్పై కుటుంబాలు. మెట్ల దగ్గర ఒక పెద్దావిడ చెప్పులు జతలుగా సర్దుతోంది. మమ్మల్ని చూడగానే, "రండి బాబూ, చెప్పులు ఈ పక్కన విడవండి. ఆడవాళ్లు కుడివైపు చాపల మీద, మగవాళ్లు ఎడమవైపు. మోకాళ్లు పట్టేస్తే గోడవార కుర్చీలున్నాయి. పదకొండున్నరకి అయిపోతుంది" అంది. తెలియనివాడికి తెలియాల్సినవన్నీ అందులో వచ్చేశాయి. లోపల ఆమె మనవడు కాబోలు, తణుకు అబ్బాయి పక్కనే కూర్చుని, పాట నంబరు చెప్పగానే పుస్తకం తెరిచి చరణం మీద వేలు పెట్టి చూపించాడు. కానుక సంచి వచ్చినప్పుడు, "మీకు ఇష్టమైతేనే అండి" అని మెల్లగా అన్నాడు. బల్ల మీద నీళ్ల టిన్ను, బోర్లించిన స్టీలు గ్లాసులు.

అక్కడా లోపాలున్నాయి. ప్రసంగం పదకొండున్నర దాటి పన్నెండుకు దగ్గరైంది, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి, పాస్టర్ గారికి మాత్రం చెమట పట్టినట్టు లేదు. మరుగుదొడ్డి అసలే లేదు. కానీ అమ్మాయి అడిగీ అడగకముందే ఆ పెద్దావిడ పక్కనే ఉన్న తన ఇంటికి తీసుకెళ్లింది. బయటికొచ్చాక తణుకు అబ్బాయి, "మళ్లీ ఇటు వస్తే ఆగుదాం బావా" అన్నాడు అల్లుడితో. పెద్ద మందిరం నుంచి వచ్చేటప్పుడు అతను పాటలు పెట్టుకుని కారు నడిపాడు, అంతే.

కొత్తవాణ్ని చూసుకునే తీరు పార్కును చూసి మందిరాలూ నేర్చుకోవాలన్న నా మాట మీద, నాకు ఆప్తులైన ఒక పాస్టర్ గారితో వాదన జరిగింది. "మందిరం పార్కా అండీ? వచ్చినవాణ్ని మెప్పించడం మొదలుపెడితే వాక్యం పలచబడుతుంది" అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. పార్కు తన అతిథికి నచ్చని మాట ఒక్కటీ చెప్పదు, చెప్పనక్కరలేదు. సాయంత్రానికి అందరూ ఇంటికి పోతారు, ఒకరి బాధ ఒకరికి పట్టదు. డబ్బు లేనివాడు గేటు దగ్గరే ఆగిపోతాడు. మన సంఘాలు అలా ఉండకూడదు. మారుమనస్సు గురించి చెప్పాలి, అప్పులవాణ్నీ తాగుబోతునూ మంచం పట్టినవాణ్నీ ఏళ్ల తరబడి మోయాలి. ఆ కఠినమైన మాట ప్రసంగంలో ఉండాలి గానీ మరుగుదొడ్డి తాళంలో ఎందుకు ఉండాలన్నదే నా ప్రశ్న. ఆయన నవ్వారు గానీ జవాబివ్వలేదు.

నిజానికి ఇదంతా చూడడానికి ఇండియానా దాకా పోనక్కరలేదు. ద్వారకా తిరుమలలో, అన్నవరంలో క్యూలైన్లు, అన్నదానం ఎలా నడుస్తాయో మనకు తెలుసు. మందిరం చిన్నదయినంత మాత్రాన ఏర్పాటు లేకపోవడానికి అది కారణం కాదు. డబ్బు కంటే మనుషుల్ని తయారు చేయడమే అసలు పని. ఆ పార్కులో వేసవిలో పనిచేసేవాళ్లలో చాలామంది స్కూలు, కాలేజీ పిల్లలే. ఎలా పలకరించాలో, ఎక్కడ నిలబడాలో ముందే నేర్పిస్తారు. మన యౌవనస్థుల చేత మనం క్రిస్మస్‌కు నక్షత్రాలు కట్టించి, నాటకం వేయించి సరిపెడతాం. గుమ్మం దగ్గర నిలబెట్టేది మాత్రం చందా పుస్తకం పట్టుకున్న పెద్దాయననే. ఆ పెద్దాయన చాలాసార్లు నేనే కాబట్టి నాకు తెలుసు, ఆ పుస్తకం చూడగానే కొత్తవాడి నడక మారిపోతుంది.

డెల్టాలో క్రిస్మస్ రోజున పక్కింటి హిందువులు, ముస్లింలు కేకు ముక్క కోసమూ స్నేహం కోసమూ మందిరానికి వస్తారు. సంవత్సరంలో కొత్తవాళ్లు ఎక్కువగా అడుగుపెట్టే రోజు అదే. అందుకని పండుగకు ముందు కమిటీలో ఈ సంగతులన్నీ పెట్టాను. మరుగుదొడ్డి తాళం తీసేయడానికి అందరూ ఒప్పుకున్నారు. శుభ్రం చేసే బాధ్యత వంతులవారీగా కుటుంబాలకు వేశాం, మొదటి వంతు కార్యదర్శి గారిది, గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. ఆరాధన ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో గేటు మీద రాయించాం. ముగిసే వేళ రాయడం పాస్టర్ గారికి అంతగా రుచించలేదు. కొత్తవారిని లేపి నిలబెట్టడం మానేశాం. ఇద్దరు ఇంటర్మీడియట్ పిల్లలు గుమ్మం దగ్గర ఉంటారు, చేతిలో పాటల పుస్తకాలు తప్ప చందా పుస్తకం ఉండదు. మంచినీళ్ల టిన్నుల ఖర్చు స్త్రీల సమాజం భరిస్తామంది.

ముందువరస కుర్చీల సంగతి మాత్రం జనవరి సమావేశానికి వాయిదా పడింది. వాటిని ఇచ్చిన దాత ఆ రోజు వాటిలోనే కూర్చుని ఉన్నారు.