కడప ఎండలో మూడున్నర కిలోల కరెంటు పెట్టె

2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నందలూరు వైపు ఉన్న మా అత్తగారిల్లు ముంపు నుంచి తప్పించుకుంది గాని, కరెంటు స్తంభాలు ఒరిగిపోవడంతో ఊరంతా చీకటై, ఫోన్లన్నీ ఛార్జింగు అయిపోయి, వాళ్ళు క్షేమంగా ఉన్నారన్న కబురు కడపలో ఉన్న మాకు మూడో రోజు గాని అందలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా మనం వెళ్ళే చోటికి అది రాదన్న సంగతి ఆ మూడు రోజుల్లో బాగా అర్థమయింది. ఆ మాట మనసులో పెట్టుకొని, చాలాకాలం తర్వాత ఒక చిన్న పోర్టబుల్ పవర్ స్టేషన్, అంటే వెంట తీసుకెళ్ళగల బ్యాటరీ పెట్టె, కొన్నాను. మా జిల్లాలో పవర్ స్టేషన్ అంటే ఎర్రగుంట్ల దగ్గరి 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రమే ఎవరికైనా గుర్తుకు వస్తుంది కనుక, మా ఇంట్లో దీన్ని "కరెంటు పెట్టె" అనే పిలుస్తున్నాం. ఏడాదిన్నరగా, రెండు వేసవులు దాటించి వాడిన అనుభవంతో ఇది రాస్తున్నాను. ఈ పరిమాణంలో మూడు నాలుగు కంపెనీలు దాదాపు ఒకే కొలతలతో అమ్ముతున్నాయి కాబట్టి పేరు పక్కన పెట్టి కొలతల గురించే మాట్లాడతాను.

నేను కొన్న పెట్టె బరువు మూడున్నర కిలోలు. అందులో 256 వాట్ అవర్ల (ఒక వాట్ పరికరం ఒక గంట నడిస్తే ఒక వాట్ అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఆ బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే 300 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, కార్లలో ఉండే 12 వోల్టుల సాకెట్ ఒకటి, యూఎస్‌బీ రంధ్రాలు మూడు ఉన్నాయి. ఎంత కరెంటు లోపలికి వస్తోందో, ఎంత బయటికి పోతోందో, ఇంకా ఎన్ని గంటలు వస్తుందో చిన్న తెర మీద కనిపిస్తుంది. కొన్నప్పుడు ధర 22,000 రూపాయలు, మడత పెట్టే 100 వాట్ల సోలార్ ప్యానెల్‌కు మరో తొమ్మిది వేలు అయింది.

ముందుగా చెప్పవలసినది, పెట్టె మీద రాసిన 256 మన చేతికి అందే 256 కాదు. బ్యాటరీ ఇచ్చే డీసీని (ఒకే దిశలో పారే కరెంటును) ఇంట్లో వాడే 230 వోల్టుల ఏసీగా (దిశ మారుతూ పారే కరెంటుగా) మార్చడంలో కొంత పోతుంది. అది కాక, ఏసీ మీట నొక్కి ఉంచినంతసేపూ ఇన్వర్టర్, పని ఉన్నా లేకున్నా, తన తిండి తాను తింటూనే ఉంటుంది. నా పెట్టెలో ఆ తిండి సుమారు 8 వాట్లు. ఈ ఒక్క సంగతి తెలియకపోతే లెక్కలన్నీ తప్పుతాయి. 55 వాట్ల మామూలు టేబుల్ ఫ్యాను పెట్టి చూస్తే మూడున్నర గంటలకు పైగా తిరిగింది, అంటే దాదాపు 200 వాట్ అవర్లు చేతికి వచ్చాయి. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఆరు గంటల పది నిమిషాలు తిరిగింది, చేతికి వచ్చినది 185. కేవలం 10 వాట్లు తీసుకొనే ఇంటర్నెట్ రౌటర్‌ను దాని అడాప్టర్‌తో సహా ఏసీ సాకెట్‌కు తగిలిస్తే 13 గంటలు మాత్రమే వచ్చింది. అంటే బ్యాటరీలో సగం రౌటర్‌కు, మిగతా సగం ఇన్వర్టర్ పోషణకూ పోయింది. వాడకం ఎంత చిన్నదైతే వృథా అంత ఎక్కువన్న మాట.

దీనికి మందు కూడా పెట్టెలోనే ఉంది. మన ఇళ్ళలోని ఫైబర్ రౌటర్లు చాలావరకు 12 వోల్టుల డీసీ మీద నడిచేవే. అడాప్టర్ మీద ఆ అంకె చూసుకొని, 150 రూపాయలకు దొరికే కారు సాకెట్ వైరు ఒకటి తెచ్చి, ఏసీ మీట ఆపేసి, 12 వోల్టుల సాకెట్ నుంచి నేరుగా ఇచ్చాను. అదే రౌటర్, అదే పెట్టె, 21 గంటలు నడిచింది. అడాప్టర్ మీద 9 వోల్టులు అని ఉంటే మాత్రం ఈ పని చేయకూడదు, రౌటర్ కాలిపోతుంది. ఫోన్లూ, యూఎస్‌బీ సి తో ఛార్జయ్యే ల్యాప్‌టాపులూ కూడా అంతే. అడాప్టర్‌ను ఏసీలో గుచ్చడం అంటే డీసీని ఏసీ చేసి, మళ్ళీ డీసీ చేసుకోవడమే. ఇంకొక చిక్కు, వాడకం మరీ తక్కువగా ఉంటే "ఎవరూ వాడడం లేదు" అనుకొని పెట్టె కొంతసేపటికి తనంతట తానే ఆగిపోతుంది. మొదటి నెలలో ఒక అర్ధరాత్రి రౌటర్ ఆగిపోతే బ్యాటరీ పాడయిందని కంగారు పడ్డాను. ఫోన్ యాప్‌లోకి వెళ్ళి ఆ గడువును "ఎప్పుడూ వద్దు" అని మార్చిన తర్వాత సమస్య రాలేదు.

ఏమేమి నడవవన్నది కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. మిక్సీ నడవదు. ఒక ఉదయం ఉగ్గాణిలోకి చట్నీ రుబ్బబోయి మా ఆవిడ మిక్సీ పెట్టగానే పెట్టె కీచుమని అరిచి, ఎర్ర గుర్తు చూపి, ఆగిపోయింది. 750 వాట్ల మోటారు మొదటి తిప్పుకు అంతకు రెట్టింపు పైగానే లాగుతుంది కనుక ఆగడమే న్యాయం. ఇండక్షన్ పొయ్యి, ఇస్త్రీ పెట్టె, గీజరు వంటివాటి జోలికి పోనేకూడదు. ఫ్రిజ్ విషయంలో కొందరు ఆశ పెట్టుకుంటారు గాని, కంప్రెసర్ మొదలయ్యేటప్పటి తాకిడికి ఈ పరిమాణపు పెట్టె ఒకసారి తట్టుకొంటుంది, మరోసారి తట్టుకోదు. తట్టుకొన్నా ఎక్కువసేపు రాదు. మా మామగారికి మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. తెర మీద 120 వాట్లు చూపించి, పది నిమిషాల వాడకానికి పది శాతం తీసుకొంది. ఆ ఒక్క పనికే ఈ పెట్టె ధర చెల్లిపోయిందని మా ఆవిడ అంటుంది, నేను అంత దూరం వెళ్ళను.

ఇక ఎండ. పరికరంతో వచ్చిన చిన్న పుస్తకంలో ఒక వరుసలో తేల్చేసిన ఈ విషయం మా ఊళ్ళో అన్నిటికంటే పెద్దది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. మే నెలలో కడపలో నీడలోనే 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మిద్దె మీద సంగతి చెప్పనక్కరలేదు. మొదటి వేసవిలో ప్యానెల్‌ను మిద్దె మీద పరిచి, పెట్టెను ఆ ప్యానెల్ నీడలోనే పెడితే నలభై నిమిషాలకు థర్మామీటరు గుర్తు వెలిగి ఛార్జింగు ఆగిపోయింది. లోపలి రక్షణ వ్యవస్థ చేయవలసిన పని చేసింది కనుక దీన్ని లోపం అనను, కాని "ఎండ ఎంత ఉంటే అంత కరెంటు" అని ప్రకటనలు చూసి అనుకొనేవారికి ఇది చేదు మాటే. అప్పటి నుంచి పెట్టెను మెట్ల గదిలో ఉంచి, వైరును కిటికీలోంచి తీస్తున్నాను. ప్యానెల్‌తో వచ్చిన మూడు మీటర్ల వైరు చాలక మరో ఐదు మీటర్లు కొనవలసి వచ్చింది. వేసవిలో మూసిన కారులో దీన్ని వదిలి వెళ్ళడం అసలే తగదు.

ప్యానెల్ కథ కూడా వేడితోనే ముడిపడి ఉంది. 100 వాట్లు అన్నది ప్యానెల్ పలక 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కట్టిన లెక్క. ఆపైన ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే ఆరోవంతు అక్కడే ఆవిరి. మే నెల మధ్యాహ్నం నాకు 62 వాట్లకు మించి రాలేదు. జనవరిలో ప్యానెల్‌ను దక్షిణానికి వాలుగా నిలబెట్టి, మీద దుమ్ము తుడిచి చూస్తే 74 వరకు వచ్చింది. రోజంతా కూర్చొని సూర్యుడి వెంట ప్యానెల్‌ను తిప్పే ఓపిక ఉంటే ఖాళీ పెట్టె నాలుగైదు గంటల్లో నిండుతుంది. మబ్బు పడితే ఆశ వదులుకోవాలి.

గండికోటకు మాత్రం ఇది పుట్టుకతోనే తయారైనట్టు కుదిరింది. డిసెంబరులో పెన్నా లోయ అంచుకు దూరంగా గుడారం వేసుకొని ఒక రాత్రి ఉన్నాం. 5 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండు ఆరు గంటలు వెలిగించి, నాలుగు ఫోన్లు పూర్తిగా ఛార్జి చేసుకొన్నాక, ఉదయం మాధవరాయ ఆలయం వైపు బయలుదేరేటప్పుడు తెర మీద ఇంకా 38 శాతం ఉంది. ఏసీ మీట ఒక్కసారీ నొక్కలేదు. పక్క గుడారం నుంచి వచ్చిన కుర్రవాళ్ళు, ఇరుగుపొరుగు ఉప్పు అడిగినట్టు, "అన్నా, ఒక పది శాతం" అని ఫోన్లు చేతికిచ్చారు. జనరేటరు తెచ్చిన మరొక బృందం చప్పుడుకు లోయలోని నిశ్శబ్దమంతా చెడిపోయింది గాని, మా పెట్టె పక్కన కూర్చొన్నా వినిపించలేదు. దీని ఫ్యాను మోగేది గోడ సాకెట్ నుంచి వేగంగా ఛార్జి చేసేటప్పుడే. అప్పుడు మాత్రం పడక గదిలో నిద్ర పట్టదు.

ఆ వేగాన్ని తీసిపారేయడానికి లేదు. గోడ సాకెట్ నుంచి ఖాళీ పెట్టె గంటా పది నిమిషాల్లో నిండిపోతుంది. గాలివానల కాలంలో మా వీధిలో మధ్యాహ్నం పోయిన కరెంటు ఒక గంట వచ్చి మళ్ళీ రాత్రికి పోయిన రోజులున్నాయి. పది పన్నెండు గంటలు పట్టే ఇన్వర్టర్ బ్యాటరీ ఆ గంటలో కొద్దిగానే నిండితే, ఇది దాదాపు నిండా నింపుకొంది. తొందర లేని రోజుల్లో యాప్‌లో వేగాన్ని 100 వాట్లకు తగ్గించి పెడుతున్నాను, చప్పుడూ ఉండదు, వేడీ తగ్గుతుంది.

అలాగని ఇంటి ఇన్వర్టర్ తీసేసి దీన్ని పెట్టుకోవాలనుకొనేవారితో నేను ఏకీభవించను. ఇంటి ఇన్వర్టర్లకు వాడే 12 వోల్టుల, 150 ఆంప్ అవర్ల ట్యూబ్యులర్ బ్యాటరీలో 1800 వాట్ అవర్లు ఉంటాయి, అంటే ఈ పెట్టెకు ఏడు రెట్లు. ఇన్వర్టర్‌తో కలిపినా ధరలో పెద్ద తేడా లేదు. దానికి డిస్టిల్డ్ వాటర్ పోయాలి, యాభై కిలోలకు పైగా బరువు, నాలుగైదేళ్ళకు మార్చాలి, నిజమే. కాని పాతది అంగడికి ఇస్తే సీసం ఉంది కనుక కొంత డబ్బు తిరిగి వస్తుంది. లిథియం పెట్టె 3000 సార్లు ఛార్జి చేసినా 80 శాతం సామర్థ్యం మిగులుతుందని కంపెనీ మాట, పాడైతే మాత్రం పాత సామాన్ల వాడు కూడా ముట్టుకోడు. పైగా ఇంటి పైకప్పు ఫ్యానుకు ప్లగ్గు ఉండదు. ఈ పెట్టెతో గాలి కావాలంటే వేరే టేబుల్ ఫ్యాను ఉండాల్సిందే. అద్దె ఇంట్లో ఉండి వైరింగు ముట్టుకోలేనివారికీ, రౌటర్, దీపం, ఒక ఫ్యాను చాలనుకొనే చిన్న కుటుంబానికీ లెక్క మారుతుంది.

ఇక్కడే ఒక ప్రమాదం గురించి చెప్పాలి. పైకప్పు ఫ్యాను కూడా తిరగాలని రెండు వైపులా పిన్నులున్న వైరు చేయించి, పెట్టెను గోడ సాకెట్‌కు కలిపే ప్రయత్నం మా బంధువు ఒకరు చేయబోయారు. మెయిన్ ఆపడం మరచిపోతే ఆ కరెంటు వీధిలోకి ఎక్కి స్తంభం మీద ఉన్న లైన్‌మన్‌కు తగులుతుంది. లైను కరెంటు హఠాత్తుగా వస్తే పెట్టె అక్కడికక్కడే కాలిపోతుంది. ఎలక్ట్రీషియన్ చేత, లైను కరెంటునూ పెట్టె కరెంటునూ కలవనివ్వని చేంజోవర్ స్విచ్ పెట్టించకుండా ఇలాంటి పని తలపెట్టవద్దు.

సర్వీసు విషయంలో నా అనుభవం బాగులేదు. ఎనిమిదో నెలలో యూఎస్‌బీ సి రంధ్రం వదులైంది. ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడిన కంపెనీవారు ప్యాక్ చేసి పంపమన్నారు. కడపలో నేను వెళ్ళిన రెండు కొరియర్ ఆఫీసులూ లిథియం బ్యాటరీ అనగానే తీసుకోలేదు. పదకొండు రోజుల ఉత్తర ప్రత్యుత్తరాల తర్వాత వాళ్ళే మనిషిని పంపి తీసుకెళ్ళారు, ఐదు వారాలకు మరో పెట్టె ఇచ్చారు. రుసుము ఏమీ తీసుకోలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. విమానంలో తీసుకెళ్దామన్నా కుదరదు. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికులతో అనుమతించరు. కాబట్టి మన ఊళ్ళో గాని, కనీసం బస్సులో ఒక పూటలో వెళ్ళి రాగల ఊళ్ళో గాని సర్వీసు కేంద్రం ఉందో లేదో అడిగి కొనడం మంచిది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ అంకె, ఐఎస్ 16046 అన్న ప్రమాణం బ్యాటరీకి వర్తించినట్టు ముద్ర ఉందో లేదో కూడా చూడాలి. ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చే పేరు లేని పెట్టెల మీద అది నాకు కనిపించలేదు.

ఇప్పుడు మళ్ళీ కొనవలసి వస్తే 256కు బదులు 500 వాట్ అవర్ల పెట్టె తీసుకొంటాను, బరువు ఆరేడు కిలోలు అయినా సరే. రాత్రంతా ఒక ఫ్యాను తిరగాలంటే ఈ చిన్నది తెల్లవారుజామున చేతులెత్తేస్తుంది. ప్యానెల్ మాత్రం 100 వాట్లదే చాలు. ఈ చిన్న పెట్టెను ఈ తుఫాను కాలానికి ముందే నందలూరులో మా అత్తగారింటికి చేర్చి, రౌటర్ వైరు, నాలుగు ఫోన్ల కేబుళ్ళు దానికే కట్టి ఉంచాం.