బెజవాడలో బస, బందరు దాకా బజారు

విజయవాడకు సముద్రం లేదు. అయినా కృష్ణా తీరం చేతిపనులు చూసి, నచ్చినవి కొనుక్కుని, సముద్రంలో కాళ్లు తడుపుకుని రావాలనుకునేవాళ్లు బస బెజవాడలోనే పెట్టుకోవాలంటాను. కొండపల్లి ఇరవై కిలోమీటర్లు. కృష్ణ దాటితే మంగళగిరి. బందరు రోడ్డు పట్టుకుని డెబ్బై కిలోమీటర్లు పోతే మచిలీపట్నం, అదే బందరు, దాని పక్కనే పెడన. ఎక్కడికైనా పొద్దున బయల్దేరి రాత్రి భోజనానికి తిరిగొచ్చేయొచ్చు.

మొన్న చలికాలంలో నేనూ మా వదినా అలాగే తిరిగాం. ఆవిడది గుంటూరు. చీర అంచు వేళ్ల మధ్య నలిపి ఏ ఊరి నేతో చెప్పేస్తుంది. నాకేమో కొనడం కన్నా ఆ వస్తువు ఎలా తయారవుతుందో చూడటం మీదే యావ. తయారయ్యే చోటు చూడకుండా ఏదీ కొనకూడదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. అది ఒక్కో ఊళ్లో ఒక్కోలా పనిచేసింది.

ముందు బస సంగతి. రైల్వే స్టేషన్, గాంధీనగర్ చుట్టుపక్కల లాడ్జీలు చవక. పొద్దున్నే నడిచి వెళ్లి బాబాయ్ హోటల్లో వెన్నపూస ఇడ్లీ తినొచ్చు. కానీ రాత్రంతా హారన్లే. మేం మొదట దిగిన లాడ్జిలో, ఫొటోలో అందంగా కనిపించిన కిటికీ తీస్తే పక్కింటి గోడ. వేడినీళ్లు ఎనిమిది దాటితే రావు. మర్నాడే లబ్బీపేట వైపు ఒక మధ్యరకం హోటల్‌కు మారిపోయాం. అద్దె దాదాపు రెట్టింపు, కానీ నిద్ర పట్టింది. యాప్‌లో చూపించిన ధర కంటే నేరుగా ఫోన్ చేసి అడిగితే కాస్త తగ్గించారు కూడా. నది కనిపించే గదులూ ఉన్నాయి గానీ, రోజంతా బయట తిరిగేవాళ్లకు ఆ పైడబ్బు దండగ.

తిరగడానికి ఆర్టీసీ బస్సే నయం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు ఛార్జీ లేదు. వదిన ఆధార్ కార్డు చూపించి దర్జాగా కూర్చుంది. నాది హైదరాబాద్ చిరునామా, డబ్బులిచ్చి నిలబడ్డాను. రద్దీ మాత్రం నిజం. బందరు వెళ్లేటప్పుడు పండిట్ నెహ్రూ బస్టాండ్‌లోనే ఎక్కండి, దారిలో ఎక్కితే సీటు మీద ఆశ వదులుకోవాలి.

కొండపల్లికి సిటీ బస్సు ఉంది, కానీ కోట కూడా చూడాలనుకుంటే ఆటో మాట్లాడుకోవడం మేలు. కోట 14వ శతాబ్దం నాటిది, రెడ్డిరాజుల కట్టడం. రాతి బురుజులు, మూడంతస్తుల రాజమహలు శిథిలాలు, చుట్టూ అడవి. పైదాకా రోడ్డుంది. ఎండెక్కకముందే చూసి దిగిపోవాలి. అసలు పని కింద బొమ్మల కాలనీలో ఉంది.

అక్కడ ఇంటి ముందు దుకాణం, వెనక వసారాలో పని. తెల్ల పొణికి చెక్క తొలిసారి చేతిలోకి తీసుకున్నాను, దూదిలా తేలిగ్గా ఉంది. చుట్టుపక్కల కొండల మీద పెరిగే చెట్టు అది. చెక్కలో తడి పోయేదాకా ఆరబెట్టి, సన్నసెగ చూపించి, అప్పుడు చెక్కుతారు. ఒక్క దుంగలోంచి బొమ్మ మొత్తం తీయరు. ఒళ్లు వేరు, చేతులు వేరు, తల వేరు. వాటిని చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, ఆకురాయితో నున్నగా చేసి, సున్నం పూసి, ఆ పైన రంగులేస్తారు. మేం చూస్తున్నంతసేపూ ఒక పెద్దావిడ ఏనుగు అంబారీకి ఎర్రగీతలు దిద్దుతూనే ఉంది. మావైపు తల తిప్పలేదు.

"ఏది మంచిదమ్మా, ఇదా అదా?" అని వదిన రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన పెట్టి అడిగింది.

"మెరిసేది ఎనామిల్ అమ్మా, తుడుచుకోవచ్చు. మెరవంది ఆకుల రంగులు, దానికి చాకిరీ ఎక్కువ" అంది ఆవిడ. ధర ఎక్కువెందుకో మేం అడక్కుండానే తెలిసిపోయింది.

కొనేటప్పుడు చేత్తో ఎత్తి చూడండి. బరువుగా ఉంటే అది పొణికి కాదు. పొణికి చెట్లు తగ్గిపోతున్నాయని కాలనీలో అందరూ అంటారు, అందుకే వేరే చెక్క కూడా వాడకంలోకి వస్తోంది. అవే దుకాణాల్లో నున్నగా గుండ్రంగా ఉన్న లక్కబొమ్మలూ కనిపిస్తాయి. అవి ఏటికొప్పాకవి, అనకాపల్లి జిల్లా నుంచి వచ్చినవి, అంకుడు చెక్కను తిప్పి చేసినవి. బాగుంటాయి, కానీ కొండపల్లి దాకా వచ్చి వాటిని కొనడం దేనికి? తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, దంపుడు పాట పాడుతున్నట్టుండే రోకలి ఆడవాళ్లు, అంబారీ ఏనుగు, దశావతారాల సెట్టు, ఇవీ ఇక్కడ చూడాల్సినవి. సంక్రాంతికి ముందు వెళ్తే బొమ్మల కొలువు గిరాకీ వల్ల ఎంపిక ఎక్కువ, బేరం తక్కువ. ఊళ్లో కొన్నదానికీ, తర్వాత బెజవాడలో ప్రభుత్వ లేపాక్షి ఎంపోరియంలో చూసినదానికీ ధరలో మరీ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఎంపికలో ఉంది. కాలనీలో ఒకే రకం బండి పది చేతుల పనిగా కనిపిస్తుంది. ఎద్దుల మొహాలు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటాయి.

మంగళగిరి దారిలో ఉండవల్లి గుహలు తగులుతాయి. ప్రకాశం బ్యారేజీ మీదుగా పోవడమే ఒక సరదా. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు 1,223 మీటర్ల పైచిలుకు. 2024 సెప్టెంబరు వరదలో దీని మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఇప్పుడు పైనుంచి చూస్తే ఆ నది ఇదేనా అనిపిస్తుంది. గుహల్లో పడుకుని ఉన్న అనంతపద్మనాభుడి ఏకశిలా విగ్రహం ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు. పై అంతస్తు వసారాలో కూర్చుంటే ఎదురుగా పచ్చటి పొలాలు. మంచినీళ్లు మాత్రం వెంట తీసుకెళ్లండి.

మంగళగిరిలో వరస ముఖ్యం. ముందు కొండ మీది పానకాల స్వామి, తర్వాత బట్టల కొట్లు. రాత్రి దేవతలు పూజ చేస్తారని నమ్మకం, కాబట్టి మధ్యాహ్నం దాటాక పైగుడి మూసేస్తారు. శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తే గుటక వినిపిస్తుంది, సగం తిరిగి ప్రసాదంగా ఇస్తారు. ఇంత బెల్లప్పానకం ఒలికే చోట ఈగా చీమా కనిపించవని వదిన చెబితే నేల వెతికి మరీ చూశాను. కనిపించలేదు. కింది గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, 153 అడుగులు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించాడు.

మంగళగిరి చీరకు ఒంటి మీద పువ్వులుండవు. సాదా ఒళ్లు, జరీ అంచు. అంచులో చిన్న చిన్న గోపురాల్లా మొనలు తేలితే అది నిజాం బోర్డరు. గుంటమగ్గం మీద నేసిన నూలుచీర ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. ఇక్కడ మా ఒప్పందం కాస్త ఇబ్బంది పెట్టింది. మెయిన్ రోడ్డు మీది కొట్లలో మగ్గం కనపడదు, మరమగ్గం చీరలూ చేనేత చీరలూ ఒకే బీరువాలో ఉంటాయి, అమ్మేవాళ్లు అన్నీ చేనేతే అంటారు. సందుల్లోకి వెళ్లి మగ్గం చప్పుడు వినిపించిన ఇంటి ముందు ఆగాం. లోపలికి రమ్మన్నారు. గుంటలో కూర్చున్న ఆయన కాళ్లతో తొక్కుతూ, చేత్తో నాడె లాగుతూ, మధ్యలో తెగిన పోగును మేం చూసేలోపే ముడేశాడు. వదిన చీర అంచు తిరగేసి వెంబడే ఉన్న సూది గుర్తులు చూపించింది. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా సాగదీసి పట్టే కర్ర మొనల గుర్తులవి. అవి వరసగా, కాస్త వంకరటింకరగా ఉంటే చెయ్యి పడిందన్నమాట. ఆ ఇంట్లో కొన్న చీరలకు బిల్లు లేదు, మార్చుకునే వీలూ లేదు. బిల్లూ చేనేత ముద్రా కావాలంటే ప్రభుత్వ చేనేత దుకాణం ఆప్కోకో, నేతగాళ్ల సహకార సంఘానికో వెళ్లాలి. నేను డ్రస్ మెటీరియల్ అక్కడే తీసుకున్నాను, చీరలు ఇంట్లో.

బందరుకు ఒక రోజు మొత్తం కేటాయించాలి. ముందు పెడన వెళ్లండి, ఎండ బాగా ఉన్నప్పుడే అక్కడ పని కనిపిస్తుంది. కలంకారీ అనగానే చాలామందికి దేవుళ్ల బొమ్మలు గుర్తొస్తాయి, అవి శ్రీకాళహస్తివి, కలంతో గీసినవి. పెడనది అచ్చుల పని. ఊళ్లోవాళ్లు అద్దకం అంటారు. పొడుగాటి బల్ల మీద బట్ట పరిచి, టేకు చెక్క అచ్చును రంగు పళ్లెంలో తాటించి, బట్ట మీద పెట్టి పిడికిలితో ఒక్క దెబ్బ. మళ్లీ పళ్లెం, మళ్లీ దెబ్బ. తీగలు, ఆకులు, నెమళ్లు, మామిడి పిందెలు వరసగా పుట్టుకొస్తుంటాయి.

నన్ను కదలనివ్వనిది ఆ రంగుల లెక్క. బట్టను ముందు కరక్కాయ కషాయం, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పులియబెడితే నలుపు అద్దే నీరు తయారు. కరక్కాయ తాగిన బట్ట మీద అది పడగానే నల్లబడుతుంది. ఎరుపు అలా కాదు. పటిక అద్దినప్పుడు అక్కడేమీ లేనట్టే ఉంటుంది, తర్వాత రంగుచెక్కతో కాగులో ఉడికిస్తే పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. అద్దే మనిషి కనిపించీ కనిపించని బొమ్మ వేస్తున్నాడన్నమాట! ఈ మధ్య చాలాచోట్ల చెక్క బదులు అలిజరిన్ అనే కృత్రిమ రంగు వాడుతున్నారు. ఉడికించడానికి ముందొకసారి, తర్వాతొకసారి పారే నీళ్లలో జాడిస్తారు. అందుకే ఈ పని కాలవల పక్కనే నిలిచింది.

"వదినా, ఇక్కడ అతుకు చూడు" అని ఒక తాను మడత విప్పాను. రెండు అచ్చులు కలిసే చోట తీగ వెంట్రుకవాసి జరిగింది. స్క్రీన్ ప్రింట్‌లో ఆ జరుగుడు ఉండదు, తాను పొడవునా ఒకేలా వస్తుంది. ఊళ్లో స్క్రీన్ ప్రింట్ కూడా బోలెడంత, పావు ధరకే. అమ్మేవాళ్లు దాస్తారేమో అనుకున్నా గానీ, అడిగితే చెప్పేశారు. దుప్పట్లకు, దిండు గలీబులకు అదే చాలని వదిన వాదన. నేను మీటర్ల లెక్కన అద్దకం బట్ట తీసుకున్నాను. మీటరుకు బెజవాడ కొట్టు ధరకన్నా బాగా తక్కువే పడింది. మొత్తం తిరుగుడులో సరుకు పుట్టిన ఊరికి వెళ్లడం వల్ల జేబుకు నిజంగా లాభం కలిగింది పెడనలోనే. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, సబ్బు తక్కువగా, నీడలో ఆరేయమన్నారు.

ఈ బట్ట కోసమే ఒకప్పుడు పడవలొచ్చాయి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక కేంద్రం పెట్టింది, డచ్చివాళ్లు అంతకుముందే దిగారు. గోల్కొండ సుల్తానుల కాలపు పారశీక వాసన ఆ తీగల్లో ఇప్పటికీ ఉంది. డచ్చి సమాధుల తోట చూశాక ఆ వ్యాపారం ఎంత పెద్దదో అర్థమైంది. వంశ చిహ్నాలు చెక్కిన బరువైన రాతిపలకలవి. చుట్టూ పిచ్చిమొక్కలు, మనుషుల జాడ లేదు. పావుగంట చాలు, కానీ ఆ పావుగంట పెట్టండి.

మంగినపూడి బీచ్ మీద ఆశలు తగ్గించుకుని వెళ్తే నచ్చుతుంది. విశాఖలాంటి ఇసక కాదు, నల్లటి బంకమట్టి కలిసిన నేల. చాలాదూరం లోతుండదు, పిల్లలకు మంచిదే. బట్టలు మార్చుకునే గదుల పరిస్థితి చెప్పుకోకపోవడం మేలు. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి అక్కడ అడుగు పెట్టే చోటుండదు. 2023లో మొదలైన ఓడరేవు పనుల వల్ల లారీలు కూడా ఎక్కువే.

తిరుగు బస్సుకు ముందు కోనేరు సెంటర్లో బందరు లడ్డు. శనగపిండి పూసను నూనెలో వేయించి, దంచి, జల్లించి, బెల్లప్పాకంతో నేతితో కట్టేది కాబట్టి తొక్కుడు లడ్డు అనీ అంటారు. నోట్లో పెట్టుకుంటే పలుకు తగలకూడదు. భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది. చిలకలపూడి గిల్టు నగల కోసం వదిన మరో గంట అడిగింది. దుకాణదారు "ఏడాది గ్యారంటీ అమ్మా" అంటే "రాసిస్తావా బాబూ?" అంది. రాసివ్వలేదు, ధర తగ్గించాడు.

బెజవాడ ఊళ్లో సంగతులు క్లుప్తంగా. భవానీ ద్వీపం పడవ ప్రయాణానికి బాగుంటుంది, ద్వీపంలో సగం రోజు గడిపేంత ఏమీ లేదు. వరదొస్తే పడవలు ఆపేస్తారు. బందరు రోడ్డు బాపు మ్యూజియం శుక్రవారం మూత. దుర్గగుడికి దసరాలోనూ, డిసెంబరులో భవానీ దీక్షల విరమణ రోజుల్లోనూ తప్ప ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఆ రెండు సమయాల్లో హోటల్ గదుల ధరలే పట్టపగలు చుక్కలు చూపిస్తాయి. బీసెంట్ రోడ్డులో సాయంత్రం తిరగడానికి బాగుంటుంది, చేతిపనుల కోసం మాత్రం కాదు.

సామాను ఎక్కువైతే బట్టలు ఆర్టీసీ కార్గోలో వేసేయండి. బొమ్మలు వద్దు. ఏనుగు దంతాలు, తాటాకులు, ఎడ్ల కొమ్ములు మొదట విరుగుతాయి. మేం వాటిని కొత్త చీరల మడతల మధ్య చుట్టి చేతిసంచిలోనే తెచ్చుకున్నాం. అన్నీ క్షేమంగా చేరాయి, ఒక్క ఎద్దు కొమ్ము తప్ప. దానికి చింతగింజల పిండే వాడాలని వదిన పట్టుబట్టింది. ఫెవికాల్‌తో సరిపెట్టాను.