"జాడ్ జాడ లేదా తమ్ముడూ?": 540 డాలర్లు పోగొట్టుకున్నవాడి హెచ్చరిక

నిన్న రాత్రి నుంచి కోపం దిగలేదు. దిగితే మొహమాటం వస్తుంది, మొహమాటం వస్తే రాయలేను. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

న్యూజెర్సీలో పాత కామిక్స్ పోగుచేసే మన తెలుగువాళ్ళందరికీ ఆయన తెలుసు. పేరు రాయను. "పాత సరుకు కావాలంటే పెద్దాయనను అడుగు" అని మీరు ఎవరి గురించి చెప్పుకుంటారో ఆయనే. నేనూ నలుగురికి అలాగే చెప్పాను. ఆ నలుగురూ నన్ను క్షమించాలి.

విషయం క్లుప్తంగా చెప్తాను. సూపర్‌మ్యాన్ కథల్లో క్రిప్టాన్ గ్రహం నుంచి వచ్చిన విలన్లు జనరల్ జాడ్, ఫేయోరా అంటే నాకు పిచ్చి. జాడ్ తన నకళ్ళతో సైన్యాన్ని తయారుచేసి క్రిప్టాన్‌ను లొంగదీసుకోవాలని చూసినవాడు, శిక్ష క్రిప్టాన్ నేరస్థులను నీడల్లా బంధించి ఉంచే ఫాంటమ్ జోన్‌లో 40 ఏళ్ళు. ఫేయోరా 23 మంది మగవాళ్ళను బంధించి చంపింది, ఆమెకు 300 ఏళ్ళు. 2013లో వచ్చిన "మ్యాన్ ఆఫ్ స్టీల్" సినిమాలో వాళ్ళిద్దరినీ పక్కపక్కన చూసిన రోజునుంచి ఇద్దరి తొలి సంచికలూ ఇంట్లో ఉండాలని కోరిక. జాడ్ మొదట కనిపించింది అడ్వెంచర్ కామిక్స్ 283లో, 1961 ఏప్రిల్ సంచిక, అప్పటి వెల 10 సెంట్లు. ఫేయోరా యాక్షన్ కామిక్స్ 471లో, 1977 మే, 30 సెంట్లు. ఈ 40 సెంట్ల సరుకుకు నేను ఇచ్చింది 540 డాలర్లు. అందులో సింహభాగం జాడ్‌దే.

పెద్దాయన దగ్గర రెండూ ఉన్నాయని తెలిసి అడిగాను. "జంటగానైతే ఇస్తాను, విడదీసిన పాపం నాకెందుకు" అన్నాడు. ఎంత ముచ్చటగా అన్నాడో. గ్రేడింగ్ (పుస్తకం స్థితికి పదికి ఇన్ని అని మార్కులు వేయడం) చేయించి ప్లాస్టిక్ పెట్టెలో మూయించారా అంటే, "పెట్టెలో పెడితే పుస్తకానికి ఊపిరాడదు తమ్ముడూ, అది చదువుకునేవాడి చేతిలో ఉండాలి" అన్నాడు. నాకు గుండె కరిగింది. పదికి నాలుగు వస్తుందని ఆయనే తేల్చాడు, నేను తలూపాను. డబ్బు మాత్రం స్నేహితులకు పంపే పద్ధతిలో పంపమన్నాడు, రుసుము మిగులుతుందట. అలా పంపితే కొన్నవాడికి ఏ రక్షణా ఉండదని నాకు తెలుసు. తెలిసే పంపాను. పదిహేను డాలర్లు మిగిలాయి లెండి, దాచుకున్నాను.

ఫొటోలు అడిగాను, పంపాడు. ముందు అట్ట, వెనుక అట్ట, మొదటి పుట, పిన్నులు. జాడ్ ఉన్న ప్యానెల్, అంటే బొమ్మ గడి, కూడా చూపించమన్నాను. ఆ కథలో జాడ్ కనిపించేది చాలా కొద్దిసేపు. క్రిప్టాన్ ఆయుధాల పెట్టె కుర్రవయసు సూపర్‌మ్యాన్ అయిన సూపర్‌బాయ్‌కు దొరకడం, అతను ఫాంటమ్ జోన్‌లో చిక్కుకోవడం అసలు కథ. జాడ్ మధ్యలో అలా వచ్చి వెళ్ళిపోతాడు. కానీ ఆ పుస్తకానికి అంత ధర పలికేది ఆ కాసేపటి కోసమే. ఐదు నిమిషాల్లో ఆ ప్యానెల్ ఫొటో కూడా వచ్చింది. మిగతా ఫొటోలలో కాగితం పాత తాటాకు రంగులో ఉంటే, ఈ ఒక్కదానిలో పాలిపోయినట్టు తెల్లగా ఉంది. దీపం వెలుగు తేడా అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా పాత కాగితం చూస్తున్నవాడిని, దీపం వెలుగు అనుకున్నాను!

శనివారం ఎడిసన్‌లో ఒక టిఫిన్ హోటల్లో కలుద్దామన్నాడు. వెళ్ళేసరికే నాకు మసాలా దోశ చెప్పి ఉంచాడు. కుశల ప్రశ్నలు, మా నాన్నగారి ఆరోగ్యం, పిల్లల చదువులు. చివరికి సంచిలోంచి పుస్తకాలు తీశాడు. వాటి ప్లాస్టిక్ కవరు అంటించి ఉన్న చోట నేను వేలు పెట్టగానే చెయ్యి పట్టుకుని, "నూనె చేతులతోనా తమ్ముడూ! ఇంటికి వెళ్ళి చేతులు కడుక్కుని తీరికగా తెరువు" అన్నాడు. నిజమే కదా అనిపించింది. సిగ్గుపడ్డాను కూడా. బిల్లు ఆయనే కట్టాడు. 540 డాలర్ల దోశ తిన్నవాడిని ఈ రాష్ట్రంలో నేనొక్కడినే అయి ఉంటాను.

ఇంట్లో చేతులు కడుక్కుని జాడ్ పుస్తకం తెరిచాను. ఆ కాలపు సంచికలో అట్ట కాకుండా 32 పుటలు, అంటే 16 ఆకులు. ఎనిమిది పెద్ద కాగితాలను మధ్యకు మడిచి పిన్నులు కొడతారు. నాకు పదిహేనే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. మూడోసారి మా ఆవిడ లెక్కపెట్టింది. పదిహేనే. లేని ఆకు ఏదో మీకు చెప్పనక్కరలేదు. మడత దగ్గర గోరంత అంచు వదిలి బ్లేడుతో నీటుగా కోశారు. ఆ అంచు పిన్నులకు పట్టి ఉండడంతో అవతలి సగంలోని జోడు ఆకు ఊడలేదు, పైనుంచి చూస్తే పుస్తకం నిండుగానే ఉంది. కథ పుట లేని పుస్తకానికి గ్రేడింగ్‌లో నాలుగు కాదు, అర మార్కు వస్తే గొప్ప. పేరున్న సంచికల విడి పుటలు కూడా అమ్ముడుపోతాయని అందరికీ తెలుసు. ఈ ఆకును ఎవరు కోశారో నేను చూడలేదు కాబట్టి అనను. కానీ నాకు పంపిన ఆ తెల్లటి ఫొటో ఈ పుస్తకంలోది కాదు. అది ఆయన వెతికి తెచ్చి పంపినదే. అంటే లేదని తెలుసు.

వెంటనే ఫోన్ చేశాను. అప్పటికి కూడా మర్యాదగానే మాట్లాడాను, "అన్నగారూ, చిన్న పొరపాటు జరిగినట్టుంది, జాడ్ ఉన్న ఆకు లేదు" అన్నాను. ఒక క్షణం నిశ్శబ్దం. తరవాత, "జాడ్ జాడ లేదా తమ్ముడూ?" అన్నాడు. అని, తన మాటకు తానే మురిసిపోయి పకపకా నవ్వాడు. పక్కన ఎవరికో మళ్ళీ చెప్పాడు, "జాడ్ జాడ లేదట!" వాళ్ళూ నవ్వారు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగాను. పెట్టేయవలసింది. ఎందుకు ఆగానో ఇప్పటికీ తెలియదు.

డబ్బు వెనక్కి ఇమ్మంటే గొంతు మారింది. "అరవై ఏళ్ళు దాటిన పుస్తకం. అరవై దాటాక నీ నోట్లో ఎన్ని పళ్ళు మిగులుతాయో అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. చేతికి తీసుకున్నాక తనకు సంబంధం లేదన్నాడు. "ఫేయోరా బాగానే ఉంది కదా, దానితో సంతోషపడు" అని సలహా కూడా ఇచ్చాడు. అవును, ఫేయోరా పుస్తకం బాగానే ఉంది. అన్ని పుటలూ ఉన్నాయి. జంటను విడదీసిన పాపం తనకొద్దన్న మహానుభావుడు ఈయనే.

జాడ్ ఎంత దుర్మార్గుడైనా వచ్చేటప్పుడు తాను ఎవరో, ఏం కావాలో చెప్పి మరీ వస్తాడు. దోశ పెట్టి రాడు.

రాత్రి మన కామిక్స్ వాళ్ళ ఆన్‌లైన్ గుంపులో ఫొటోలతో సహా అంతా పెట్టాను. పది నిమిషాల్లో తీసేశారు. "మనలో మనకు గొడవలు ఎందుకు, పెద్దాయన మనసు కష్టపెట్టవద్దు" అని నిర్వాహకుల సందేశం. నా మనసు సంగతి ఎవరూ అడగలేదు. ఇద్దరు మాత్రం విడిగా రాశారు, తమకూ ఇలాగే జరిగిందని. ఒకాయనకు అట్ట మీద చిరుగు కనపడకుండా రంగు పూసి అమ్మాడట. అప్పుడే నోరు విప్పి ఉంటే బాగుండేది కదా అని అడిగితే, "ఆయన మా ఊరివారండీ" అన్నాడు.

కొనేవాళ్ళకు రెండు ముక్కలు. డబ్బు ఇవ్వకముందే ఆకులు లెక్కపెట్టండి, ఎవరు ఏమనుకున్నా సరే. మీరు అడిగిన పుట ఫొటోలో ఆ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టమనండి. డబ్బు కొనుగోలు పద్ధతిలోనే పంపండి, ఆ రుసుము మీరే భరించండి. టిఫిన్ ఇంట్లో తినేసి వెళ్ళండి.

ఇది రాస్తుండగానే ఒకాయన సందేశం పెట్టాడు, జాడ్ ఎలాగూ పాడైంది కాబట్టి ఫేయోరాను విడిగా అమ్ముతారా అని. అమ్మను.