పాటు వేళ చూసుకుని బయల్దేరండి

"కొంగల్ని చూడ్డానికి హైదరాబాదు నుంచి ఇంత దూరం వచ్చారా? మా చేలో పడి తింటున్నాయి కదే, చెప్తే ఫొటో తీయించి పంపేదాన్ని" అంది మా మేనత్త, కాళ్లు కడుక్కోవడానికి చెంబు అందిస్తూ. రాజోలు దగ్గర పల్లె వాళ్లది. అప్పటికి మాకు రెండు రోజులు, బోలెడు పెట్రోలు ఖర్చయ్యాయి. ఆవిడ మాటలో సగం నిజమని మర్నాడు పొద్దున తెలిసింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఫిబ్రవరి ఆఖరు వారం. మాఘం వెళ్లి ఫాల్గుణం వస్తోంది. మామిళ్లు పూతమీదున్నాయి, ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు, చలికి వచ్చిన పిట్టలు ఇంకా తిరుగు ప్రయాణం కట్టలేదు. గోదావరి డెల్టాకి ఇంతకన్నా మంచి రోజులుండవని మా ఆయన వాదన. ఆయన మెడలో బైనాక్యులరు, జేబులో చిన్న నోటు పుస్తకం, మనసులో 'డెబ్బై రకాలు' అనే లెక్క.

మొదటి రెండు రాత్రులు కాకినాడలో స్టేషన్ దగ్గర లాడ్జిలో. గది చిన్నదే, దుప్పట్లు శుభ్రం. వేణ్ణీళ్లు పొద్దున ఎనిమిది దాటితే రావు. మాకు నచ్చిందేమిటంటే, ఐదింటికి ఆటో కావాలంటే రిసెప్షన్ కుర్రాడు మొహం చిట్లించకుండా పక్క వీధికెళ్లి నిద్రపోతున్న మనిషిని లేపుకొచ్చాడు.

ఆ ఆటోలో కుంభాభిషేకం రేవుకి వెళ్లాం. పక్షుల కోసం తిరిగేవాళ్లలో ఆ చోటుకి మంచి పేరుంది. చీకటితో లేచి వెళ్తే మాకు కనిపించినవి పడవలు, కాకులు, కళ్లలోకి సూటిగా కొడుతున్న సూర్యుడు. నీళ్లు గట్టు అంచు దాకా ఉన్నాయి. వల సర్దుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. "ఇప్పుడేం ఉంటాయండి బాబూ, పోటు మీదుంది కదా. పాటుకి రండి. నేలంతా పిట్టలేనండి, ఆయ్."

పొద్దున్నే లేస్తే చాలు పక్షులు కనపడతాయన్నది అడవుల మాట. ఇక్కడ గడియారం సముద్రానిది, పోటుకి నీరు ఎక్కుతుంది, పాటుకి తీస్తుంది. కాకినాడ అఖాతానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె పడుకుని ఉంటుంది కాబట్టి పెద్ద అలలు లోపలికి రావు. గోదావరి తెచ్చిన ఒండ్రు అఖాతంలో నెమ్మదిగా దిగుతుంది. నీరు తీసినప్పుడు ఆ బురద నేల బయటపడి, అందులోని పురుగులు, గుల్లలు పిట్టలకి అందుతాయి. పాటు వేళ రోజుకి సుమారు ముప్పావుగంట చొప్పున ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పున్నానికీ నీరు మరీ దూరం తీస్తుంది. మేం ఇంటర్నెట్‌లో పోటుపాట్ల పట్టిక చూసుకోకుండా బయల్దేరాం. తప్పు మాదే.

మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వెళ్లాం. ఎండ వెనక నుంచి పడుతోంది. పొద్దున నీళ్లున్న చోట ఇప్పుడు మెరిసే బురద, దాని మీద వేల పిట్టలు. విల్లులా వంగిన ముక్కు కర్ల్యూలు తీరిగ్గా నడుస్తున్నాయి. పిడికెడంత ఉల్లంకి పిట్టలు, చీర కుచ్చెళ్లు తడవకుండా ఎత్తుకుని పరుగెత్తే ఆడపిల్లల్లా నీటి అంచు వెంట పరుగెడుతున్నాయి. బూడిదరంగు గుంపుని చూపించి మా ఆయన గొంతు తగ్గించి "గ్రేట్ నాట్" అన్నాడు. ఈశాన్య సైబీరియాలో గుడ్లు పెట్టే పక్షి అది. అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేరింది. నాకైతే పక్కనున్నవాటికీ దానికీ తేడా తెలియలేదు, ఒప్పుకుంటున్నాను. నేను తెల్లబోయి చూసింది ఇండియన్ స్కిమ్మర్లని. దూరంగా ఇసుక దిబ్బ మీద ఓ ముప్ఫై దాకా, నారింజ ముక్కులతో, అన్నీ ఒకే వైపు తిరిగి కూర్చున్నాయి. ఎగిరేటప్పుడు పైదానికన్నా పొడుగైన కింది ముక్కుతో నీటిని గీసుకుంటూ పోతాయి. తగిలిన చేప తగిలినట్టే. శీతాకాలమంతా తెల్లతలతో ఉండే సముద్రపు పిట్టలు గల్స్‌లో కొన్నింటికి అప్పుడే తల గోధుమరంగుకి తిరుగుతోంది. వసంతం వచ్చిందని వాటికి కోయిల చెప్పక్కర్లేదు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ఎండుచేపల వాసన భరించాలి, మరుగుదొడ్డి ఉండదు, బురదలోకి దిగితే మోకాలి దాకా కూరుకుపోతారు. టెలిస్కోపు లాంటిది ఉంటే తప్ప దూరపు గుంపులు చుక్కల్లాగే ఉంటాయి.

కోరింగ అభయారణ్యం ఇరవై కిలోమీటర్ల లోపే, యానాం రోడ్డులో. 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. మేం వెళ్లింది ఆదివారం, అదీ పెసరట్లు తిని తొమ్మిదయ్యాక. మడ అడవిలోకి వేసిన చెక్కల బాట బాగుంది, కానీ మా ముందు రెండు బస్సుల పిల్లలు. పక్షుల లెక్కలో నాలుగు లకుముకులు, ఓ గుడ్డికొంగ. అయినా డబ్బు వృథా కాలేదు. తల వంచి బురదకేసి చూస్తే అదో లోకం. పెన్సిళ్లు గుచ్చినట్టు మడ చెట్ల ఊపిరి వేళ్లు, ఒక్క చెయ్యి మాత్రం పెద్దగా ఉన్న ఎర్రపీతలు, కళ్లు నెత్తిన పెట్టుకుని బురద మీద గెంతే చేపలు. ఆ చేపల్ని చూసి ఓ పిల్లాడు "కప్పా, చేపా?" అని వాళ్ల మేష్టార్ని నిలదీశాడు. ఆయన "పద పద" అన్నారు.

పడవ షికారు పోటు మీద ఆధారపడుతుంది, కనుక పడవ బాగా నడిచే వేళా పిట్టలు దిగే వేళా కలవవు. రెండూ ఒకే పూట కావాలనుకోకండి. మోటారు చప్పుడుకి ముందున్న కొంగలన్నీ లేచిపోతుంటే, "కాసేపు ఆపుతారా అన్నయ్యా?" అని అడిగాను. ఆపేశాడు, పైగా ఓ మాట అనలేదు. నిశ్శబ్దంగా తేలుతూ మలుపు తిరిగేసరికి ఒడ్డున మూడు నీటికుక్కలు. ఒకటి చేపని నములుతూ మమ్మల్ని చూసింది, మిగతా రెండూ జారి నీళ్లలో పడ్డాయి. అంతే, కెమెరా మూత తీసే లోపల ఖాళీ ఒడ్డు. "మీకు ముద్దొస్తాయండి, మా వలలు చింపేసేది ఇవే" అన్నాడు పడవ మనిషి. ఈ అడవిలోనే ఉండే బావురు పిల్లి రాత్రి తిరిగే జంతువు. పగటి షికారులో కనపడలేదని ఎవరి మీదా అలగక్కర్లేదు. తిల్ల చెట్ల కొమ్మలు మాత్రం విరవకండి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం.

యానాంలో ఆగలేదు. అక్కడ ఆగేవాళ్లు పిట్టల కోసం ఆగరు.

మేనత్త ఇల్లు పంటకాలువ గట్టు మీదే. పొద్దున ఆరింటికి కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చున్నాను, ఎనిమిదిన్నర దాకా లేవలేదు. కరెంటు తీగ మీద లకుముకి. గేదె వీపు మీద పసుల పోలిగాడు, గేదె గడ్డి కదిపినప్పుడల్లా లేచిన మిడతని గాల్లోనే పట్టి మళ్లీ వచ్చి అదే చోట. రెండో పంట దాళ్వా చేలు పచ్చగా, మడుల్లో పల్చగా నీళ్లు, గట్ల మీద తెల్లకొంగలు, నత్తలు ఏరుకుంటున్న పెద్దకొంగలు. వీటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. కొబ్బరితోటలోంచి జెముడుకాకి గుబగుబమంటోంది. మునగపూలలో వేలెడు కూడా లేని తేనెపిట్టలు. ఈతచెట్టుకి కిందటి వానల్లో గిజిగాళ్లు అల్లిన గూళ్లు రంగు పోయి వేలాడుతున్నాయి. పాలపిట్ట కనపడగానే అత్తయ్య దణ్ణం పెట్టింది. 2018లో ఆంధ్రాకి దీని బదులు రామచిలుకని రాష్ట్రపక్షి చేశారని చెప్తే, "ఎవరడిగారు వాళ్లని?" అంది.

నేను కాలువ నీళ్లలో చెయ్యి పెట్టబోతుంటే అడుగున ఏదో కదిలింది. ఎగిరి గట్టెక్కాను. "నీరుకట్టె అది, విషం లేదు. రోజూ వస్తుంది, పేరొక్కటే పెట్టలేదు" అని నవ్వింది.

అయితే అంతా పచ్చగా ఉందనుకోకండి. పక్క పొలం ఇప్పుడు రొయ్యల చెరువు. పిట్టలు వాలకుండా పైన అడ్డదిడ్డంగా దారాలు కట్టారు, నీటికాకులు దిగినప్పుడల్లా టపాకాయలు పేలుస్తారు. పిట్టల వల్ల రొయ్యలకి రోగం వస్తుందని వాళ్ల భయం, పెట్టుబడి అంతా అందులోనే మరి. ఓ కొంగ ఆ దారాల్లో చిక్కుకుని ఎండిపోయి ఉంది.

ఆ మధ్యాహ్నం పనసపొట్టు కూర. ఇంకో ఊరికి వెళ్లాలనిపించలేదు. కానీ ముందే డబ్బు కట్టేసిన పాపానికి రాత్రికి నది ఒడ్డు రిసార్టుకి వెళ్లాం. పేరు చెప్పను. వరండాలోంచి గోదావరి పాయ వశిష్ఠ కనిపిస్తుంది, సాయంత్రం గరుడపక్షులు తలమీదుగా తిరిగాయి. అదొక్కటే బాగుంది. రాత్రి పన్నెండు దాకా డీజే, చెట్లకి రంగు బల్బులు. ఫోన్లో బర్డ్ వాచింగ్ ఉందన్నారు కదా అని అడిగితే పంజరంలో లవ్ బర్డ్స్ చూపించారు! అత్తయ్య నులకమంచానికి ఇచ్చే మార్కులో సగం కూడా దానికి ఇవ్వను.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడిచాం. నదీ సముద్రమూ కలిసే చోట టెర్న్ పిట్ట‌లు రాయి వేసినట్టు నిట్టనిలువుగా నీళ్లలో పడుతున్నాయి. కొంచెం అవతల ఇసుకలో చచ్చిపోయిన ఆలివ్ రిడ్లీ తాబేలు. ఈ నెలల్లోనే అవి రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుక తవ్వి వందకి పైగా గుడ్లు పెట్టి పోతాయి. గాలి పీల్చే ప్రాణి కదా, ట్రాలర్ల వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. మా ఆయన నోటు పుస్తకం తీశాడు, చచ్చినదాన్ని లెక్కలో రాయాలా వద్దా అని తేల్చుకోలేక మళ్లీ జేబులో పెట్టేశాడు.

సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద దాటాం. చించినాడ వంతెన మీదుగా పోవచ్చు కానీ పంటే ఎక్కండి. కారూ, మోటారు సైకిళ్లూ, పాలక్యాన్లూ అన్నీ ఒకే చోట నిలబడి ఏరు దాటుతుంటే, తాళ్ల పక్కనే గల్స్ ఎగురుతూ వచ్చాయి. అవతలి ఒడ్డున దిబ్బరొట్టె, చెరుకుపానకం.

ఆఖరిది ఆటపాక, కైకలూరు దగ్గర, కొల్లేటి అంచున. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆటపాకలో గూడబాతులు ఇనప స్టాండ్ల మీద గూళ్లు కడతాయి. అటవీశాఖ వాళ్లు పాతించినవి. చూడ్డానికి మొదట కొంచెం కరకుగా అనిపిస్తుంది, ఆ తర్వాత పిల్లల మీదే కన్ను పడుతుంది. తల్లి సంచిలోకి పిల్ల మెడ దాకా దూరి తింటుంటే, మింగేసిందేమోనని నా పక్కనావిడ కెవ్వుమంది. ఎర్రకాళ్ల కొంగలు కూడా పక్కపక్కనే ఉన్నాయి. పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో ఒక్క చోటికే వెళ్లగలిగితే ఇక్కడికే వెళ్లమంటాను. పక్షులు దగ్గరగా ఉంటాయి, బైనాక్యులరు అక్కర్లేదు, పోటుపాట్ల గొడవ లేదు.

కైకలూరు స్టేషన్లో బెంచీ మీద కూర్చుని మా ఆయన లెక్క కూడాడు. అరవై తొమ్మిది. ఒక్కటి కోసం ప్లాట్‌ఫాం మీది కాకుల్ని కూడా తేరిపార చూస్తున్నాడు. ఇంతలో అత్తయ్య ఫోను. "మీరు వెళ్లాక నీరుకట్టె మళ్లీ వచ్చిందే. రాసుకోమను మీ ఆయన్ని."