శుక్రవారం నాడు అలంపురం వెళ్ళకండి

ముందే చెప్పేస్తున్నాను. రాష్ట్ర పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. ఈ ఒక్క ముక్క మాకు ముందు తెలిసి ఉంటే 3,150 రూపాయలు, ఒక రాత్రి నిద్ర, మా ఆయన పరువు మిగిలేవి.

మా అమ్మాయి ఏడో తరగతి. వేసవి సెలవుల్లో ఏదైనా మ్యూజియం చూసి పది వస్తువుల బొమ్మలు వేసి, ఒక్కో బొమ్మ కింద పేరు, కాలం, దొరికిన చోటు రాసుకొని రమ్మని బడిలో చెప్పారు. మేముండేది నల్గొండలో. ఊరి చివర పానగల్లు ఉంది, అక్కడ మ్యూజియం ఉంది, ఒక పూటలో పని అయిపోయేది. మా ఆయన దాన్ని పెంచి మూడు రోజుల యాత్ర చేశారు: పానగల్లు, పిల్లలమర్రి, అలంపురం. అలంపురం పేరు వినగానే అత్తయ్య కూడా సంచి సర్దుకున్నారు. ఆవిడ పుట్టినూరు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. చిన్నప్పుడు కూడవెల్లి సంగమేశ్వరుడి గుడికి వెళ్ళేవారట. ఆ గుడిని ముంపు నుంచి విప్పి తెచ్చి అలంపురంలో పేర్చారు కాబట్టి దాన్ని చూడాలని ఆవిడ కోరిక.

గురువారం బాగానే గడిచింది. పొద్దున్నే ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పగలంతా కదలకుండా నిలిచే నీడను చూశాం. అది ఒక స్తంభం నీడ కాదు, మండపంలోని కొన్ని స్తంభాల నీడలు కలిసి పడేది అంటారు. అమ్మాయి తన నీడ కూడా అందులో కలుస్తుందేమోనని చేతులు చాపి స్తంభం పక్కన చాలాసేపు నిలబడింది. కలవలేదు. తర్వాత పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోని మ్యూజియంలో మూడు బొమ్మలు వేసుకుంది. సాయంత్రానికి మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి. 2017లో చెదలు పట్టి కొమ్మలు కూలిన తర్వాత ఆ చెట్టుకు మనుషులకు ఎక్కించినట్టే సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. ఊడలు పట్టుకొని ఊగిన రోజులు పోయాయి, ఇప్పుడు కాస్త దూరం నుంచే చూడాలి. ఆ రాత్రి మా ఆయన చిన్నాన్న గారింట్లో ఉన్నాం. ఖర్చు 600 రూపాయల మామిడిపళ్ళ బుట్ట.

శుక్రవారం పదకొండు గంటలకు అలంపురం చేరాం. మ్యూజియం గేటుకు తాళం. మా ఆయన తాళాన్ని ఒకసారి కదిపి చూసి, ఫోను చూసి, మళ్ళీ తాళాన్ని చూశారు. పక్కన టీ పోసే ఆయన 'శుక్రవారం సెలవు కదా సారూ' అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో! మా ఆయన సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. తప్పు తనది, అలక నా మీద.

సరే, గుళ్ళు చూశాం. పేరుకు నవబ్రహ్మలు గాని తొమ్మిదీ శివాలయాలే. ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యుల కాలంలో కట్టినవి. చాలావాటి శిఖరాలు మన దక్షిణాది గోపురాల్లా అంచెలంచెలుగా ఉండవు. ఉత్తరాది పద్ధతిలో నిటారుగా పైకి వంపు తిరిగి, నెత్తిన పెద్ద ఉసిరికాయను నొక్కి పెట్టినట్టు ఆమలకంతో ముగుస్తాయి. కానీ మేలో మధ్యాహ్నం పన్నెండింటికి చెప్పులు విడిచి ఆ బండల మీద నడుస్తూ శిల్పం గురించి ఆలోచించడం నా వల్ల కాలేదు. తొమ్మిది లోపలే వెళ్ళండి, లేదా నాలుగు దాటాక వెళ్ళండి. మధ్యాహ్నం ఒక ఇంటి మెస్సులో జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, పల్లీల కారం పెట్టారు. నలుగురికీ కలిపి 320 రూపాయలు. ఆ రొట్టె పెనం మీంచి నేరుగా కంచంలోకి వచ్చింది. మా ఆయన అలకలో కూడా నాలుగు తిన్నారు.

ఎండ తగ్గాక కూడవెల్లి గుడికి వెళ్ళాం. అత్తయ్య దేవుణ్ణి కాదు, ముందు మెట్లను చూశారు. "మా తమ్ముడు ఈ మెట్టు మీదే జారి పన్ను విరగ్గొట్టుకున్నాడు" అని ఒక మెట్టు మీద కూర్చున్నారు. కాసేపు చేత్తో తడిమి చూసి లేచి, "కాదేమో, తెచ్చి పేర్చేటప్పుడు వరుస మార్చారేమో" అని పై మెట్టుకు మారారు. అక్కడ కూడా కాసేపు కూర్చున్నారు. చీకటి పడుతోంది, వెళ్దాం అత్తయ్యా అని నేనే లేవదీశాను.

ఇక లాడ్జి. పేరు చెప్పను, హైవే పక్కన ఉంటుంది. ఫోనులో ఏసీ గది 1,500 అన్నారు. కౌంటరు దగ్గరకు వెళ్ళాక అది ఇద్దరికేనన్నారు. మిగతా ఇద్దరికీ చెరో 400. ఏసీ వేయాలంటే మరో 500. పొద్దున్న బిల్లులో తువ్వాళ్ళు, మంచినీళ్ళ సీసాలు అని ఇంకో 350 కలిపారు. మా మ్యూజియాల టికెట్లన్నీ కలిపినా ఈ తువ్వాళ్ళ ఖర్చంత కాలేదు.

ఏసీ మీట నొక్కితే ఎర్రదీపం వెలిగింది, అంతకు మించి ఏమీ జరగలేదు. కుర్రవాణ్ణి పిలిస్తే, "ఓల్టేజీ లేదు మేడం, ఒంటిగంట దాటాక వస్తుంది" అన్నాడు. నిజమే, ఒంటిగంటకు వచ్చింది. ఏసీ ట్రాక్టరులా మొదలై పది నిమిషాల్లో మా ఆయన దిండు మీద నీళ్ళు కార్చింది. కుర్రవాడు మంచం జరిపి, ఆ చోట బకెట్టు పెట్టి వెళ్ళాడు. తెల్లవార్లూ టప్ టప్ టప్. పొద్దున చన్నీళ్ళ కుళాయి తిప్పితే పైన ట్యాంకులో ఉడికిన నీళ్ళు వచ్చాయి, వేడినీళ్ళ కుళాయిలో ఏమీ రాలేదు. ఏసీ తాలూకు 500 వెనక్కి ఇమ్మంటే మేనేజరు నవ్వాడు. "నీళ్ళు కారాయంటే ఏసీ పని చేసినట్టే కదమ్మా!"

శనివారం మ్యూజియం తెరిచే వేళకు గేటు ముందు మేమే మొదటివాళ్ళం. అక్కడ పనిచేసే పెద్దాయన అత్తయ్య కాళ్ళ అవస్థ చూసి తన కుర్చీ తెచ్చి ఇచ్చాడు. లాడ్జి తర్వాత ఆ కుర్చీ ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. మహిషాసురమర్దని దగ్గర ఒక బొమ్మ, నటరాజు దగ్గర ఒకటి అయ్యాయి. లజ్జాగౌరి దగ్గర అమ్మాయి పెన్సిలు ఆగింది.

"అమ్మా, తల విరిగిపోయిందా?"

విరగలేదు, తల ఉండాల్సిన చోట తామరపువ్వు చెక్కారు అని చెప్పాను.

"మరి ఇలా కూర్చుందేమిటి?"

మా ఆయనకు ఉన్నట్టుండి అవతలి గోడ దగ్గర శిల్పం మీద ఆసక్తి పుట్టింది. అత్తయ్యే కుర్చీలోంచి జవాబిచ్చారు: "పురుడు వస్తోందే. లోకాన్నంతా కన్న తల్లి. నిన్ను కనేటప్పుడు మీ అమ్మ..." నేను దగ్గాను. అమ్మాయి మాత్రం ఏమీ సిగ్గుపడకుండా పద్మం నుంచి మొదలుపెట్టి మోకాళ్ళ దాకా శ్రద్ధగా వేసుకుంది. మొత్తం పుస్తకంలో అదే మంచి బొమ్మ.

మేలో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, 1977 నుంచి జరుపుతున్నారు. ఆ రోజున కొన్నిచోట్ల ప్రవేశం ఉచితం, పిల్లలకు చిత్రలేఖనం పోటీల వంటివి పెడతారు. ఫోను చేసి కనుక్కొని ఆ రోజుకు సరిపోయేలా బయలుదేరండి. అలంపురంలో పడుకోవాల్సిన పని పెట్టుకోకండి, కర్నూలు పాతిక కిలోమీటర్లే. పెట్రోలుకు మాకు 3,400 అయింది.

ఇంటికి వచ్చాక అమ్మాయి పుస్తకం తిరగేశాను. తొమ్మిది శిల్పాలు వరుసగా ఉన్నాయి. పదో పేజీలో గోడకు ఒక పెట్టె, దాని కింద బకెట్టు, మధ్యలో మూడు చుక్కలు. కింద రాసింది: పేరు ఏసీ. కాలం 21వ శతాబ్దం. దొరికిన చోటు 204వ నంబరు గది.