లక్షద్వీప్ ప్యాకేజీ కొంటున్నారా? అగత్తి టికెట్ ఎవరి ఫోన్ నంబర్ మీద ఉందో ముందు చూసుకోండి

ఫ్లైట్‌తో కలిపి లక్షద్వీప్ ప్యాకేజీ అని అమ్ముతున్నారు చూడండి, దానికి డబ్బులు కట్టబోయేవాళ్ళు దయచేసి ఇది చదివాకే కట్టండి.

లక్షద్వీప్ మొత్తానికి విమానం దిగే ఎయిర్‌పోర్ట్ అగత్తి ఒక్కటే. రన్‌వే దాదాపు 1200 మీటర్లే, అందుకే ఏటీఆర్ లాంటి చిన్న ఫ్లైట్లే దిగుతాయి, ఉన్న సీట్లే తక్కువ. ఒకటి క్యాన్సిల్ అయిందంటే ఆ జనమంతా తర్వాతి ఫ్లైట్ మీద పడతారు, అదేమో ముందే నిండిపోయి ఉంటుంది. షిప్‌లో పోదామంటే కొచ్చి నుంచి ఒక రాత్రికి పైనే పడుతుంది, టికెట్ కూడా అప్పటికప్పుడు దొరకదు.

మాకు జరిగింది ఏంటంటే, ఏజెంట్ అంతా ఒకటే టికెట్ అన్నాడు, కానీ కొచ్చి దాకా ఒక పీఎన్ఆర్, అక్కడి నుంచి అగత్తికి ఇంకో ఎయిర్‌లైన్‌లో వేరే పీఎన్ఆర్ తీశాడు. వాతావరణం బాగోక అగత్తి ఫ్లైట్ ముందు రోజు రాత్రే క్యాన్సిల్ అయింది, ఆ మెసేజ్ మాకు రాలేదు. కొచ్చి కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ మా వైపు తిప్పి చూపించింది, మా పేర్ల కింద కాంటాక్ట్ నంబర్, మెయిల్ రెండూ ఏజెంట్‌వే! మెసేజ్ చూసుకుని కూడా వాడు మాకు ఒక్క ఫోన్ చెయ్యలేదు, నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఎయిర్‌పోర్ట్‌లో కుర్చీల మీద కూర్చోబెట్టి ఫోన్ చేస్తుంటే కట్ చేస్తూనే ఉన్నాడు. రిఫండ్ కూడా బుక్ చేసిన వాడి అకౌంట్‌కే వెళ్ళింది, రిసార్ట్ డబ్బులు నాన్ రిఫండబుల్ అని ఇప్పుడంటున్నాడు.

వాతావరణానికి ఎవరూ ఏం చెయ్యలేరు, దానికి కాంపెన్సేషన్ కూడా రాదు. కానీ ఫ్లైట్ క్యాన్సిల్ అయితే వేరే ఫ్లైట్ గానీ రిఫండ్ గానీ ఇవ్వాల్సిందే, ఏజెంట్ దగ్గర కొన్న టికెట్‌కైనా రిఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే అని డీజీసీఏ (విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) రూల్స్‌లో ఉంది. ఏజెంట్‌ని అడుక్కోండి అని కౌంటర్‌లో అంటే ఈ మాట గట్టిగా చెప్పండి, రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి, వినకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవ పోర్టల్‌లో కంప్లైంట్ ఇవ్వండి. ఏజెంట్ మీద అయితే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915.

కట్టేముందు పీఎన్ఆర్ అడిగి ఎయిర్‌లైన్ సైట్‌లో మీరే కొట్టి చూడండి, మీ నంబర్, మీ మెయిల్ ఉన్నాయో లేదో. ఓచర్ పీడీఎఫ్ చూపించి కన్ఫర్మ్ అంటే నమ్మకండి. పర్మిట్ కూడా అంతే, మన దేశం వాళ్ళకీ ఎంట్రీ పర్మిట్ లేనిదే అక్కడికి వెళ్ళనివ్వరు, అందులో ఏయే దీవుల పేర్లున్నాయో చూసుకోండి, అగత్తి ఒక్కటే రాసుంటే బంగారం, కవరత్తి దీవులకు వెళ్ళడం కుదరదు. క్యాన్సిల్ అయితే రిసార్ట్ డేట్ మారుస్తారా, డబ్బు వెనక్కిస్తారా అన్నది వాట్సాప్‌లో అయినా సరే రాయించుకోండి. కొచ్చి ఫ్లైట్‌కీ అగత్తి ఫ్లైట్‌కీ మధ్య ఒక రాత్రి గ్యాప్ ఉంచుకోండి, తిరుగు ప్రయాణంలో కూడా.

ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టాం, రిఫండ్ సంగతి తేలగానే ఇక్కడే రాస్తా.